గురువుగారు గాజుపలకలో

గురువు లేని విద్య గుడ్డివిద్య అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అయితే ఆ గురువు ఎంత దూరంలో వుండాలన్న సంగతి మాత్రం వాళ్ళు ఎక్కడా చెప్పలేదు. ఎదుట చాపమీద కూచుని వుండాలా? పక్క ఊళ్ళో వుంటే చాలా? సముద్రాల అవతల వుంటే పనికిరాడా? ద్రోణుడి మట్టిబొమ్మను ఎదురుగా పెట్టుకుని అడవిలో బాణాలు వేసిన ఏకలవ్యుడికి విద్య రాకపోలేదు. వచ్చిన చిక్కల్లా ఫీజు దగ్గర!

ఈ ప్రసంగం ఎందుకు ఎత్తానంటే, నేను కొన్నేళ్ళుగా ఇంటర్నెట్టులో చిత్రలేఖనం పాఠాలు చెప్పించుకుంటున్నాను. ఆ మాట విన్నవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. "నెరిసిన తలకు ఇప్పుడు ట్యూషనా?" అనేవారు కొందరు. "మా పిల్లవాడు కూడా బొమ్మలు బాగా వేస్తాడండీ, ఏ కోర్సులో చేర్పించమంటారు?" అని అడిగేవారు కొందరు. మొదటివారికి నేను చెప్పగల సమాధానం లేదు. రెండోవారి కోసం ఈ వారం నాలుగు మాటలు రాస్తున్నాను.

నా విద్య సంగతి ముందు చెప్పుకోవాలి. బెజవాడ గాంధీనగరంలో సినిమా పంపిణీ ఆఫీసులు వరసగా వుండి, ప్రతి శుక్రవారం కొత్త బొమ్మ దిగుతూ వుండే రోజుల్లో, నేను బ్యానర్లు రాసే షెడ్డులో పెరిగాను. మేస్త్రీగారు చేతికి ఒక స్టిల్ ఫొటో ఇచ్చేవారు. దానిమీద పెన్సిలుతో అంగుళం అంగుళం గళ్ళు గీసి, గుడ్డమీద అడుగు అడుగు గళ్ళు గీసి, ఏ గడిలో ఏ గీత వుందో ఆ గడిలో ఆ గీతను పెంచి దించాలి. అంగుళానికి అడుగు లెక్కన చూస్తే, ఫొటోలో చిటికెన వేలి గోరంత కన్ను బ్యానరు మీద మామిడికాయంత అవుతుంది. నిచ్చెన ఎక్కి కన్ను రాసే మనిషికి ముక్కు కనపడదు. కిందికి దిగి, రోడ్డు అవతలకు పోయి చూస్తేగాని అది హీరోయో విలనో తేలదు. అందుకే మేస్త్రీగారు మాకు రోడ్డు దాటడం కూడా పాఠంగానే నేర్పారు.

2000 ప్రాంతాల ఫ్లెక్సు యంత్రాలు వచ్చాయి. మేము నాలుగు రోజుల్లో రాసే బొమ్మను యంత్రం గంటలో దింపి ఇచ్చేది. షెడ్డులో వున్నవాళ్ళలో ఒకరు ఆటో కొన్నారు, ఒకరు ఇళ్ళకు రంగులు వేసే కాంట్రాక్టుల్లోకి పోయారు. నేను స్కూలు పిల్లలకు డ్రాయింగు చెప్పి, లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు పరీక్షలకు కట్టేవాళ్ళను తయారు చేస్తూ కాలక్షేపం చేశాను. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడేసరికి ఆ పాఠాలూ ఆగాయి. దేశంలో వున్న చదువంతా సెల్‌ఫోనులోకి దూరింది. మా అమ్మాయి ఒకరోజు, "నాన్నా, పిల్లలందరూ ఫోనులో నేర్చుకుంటున్నారు. నువ్వూ చేరకూడదూ?" అన్నది. నా చదువు అల్లా మొదలయింది.

దూరాన వున్న గురువు దగ్గర నేర్చుకోవడం ఇప్పుడు పుట్టిన వింత కాదు. మన ప్రాంతంలోనే దాని చరిత్ర చూడండి. రాజమహేంద్రవరంలో 1897లో పుట్టిన దామెర్ల రామారావుకు విద్య కోసం ఊరు వదలక తప్పలేదు. అక్కడి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిలో వున్న పనితనం చూసి ప్రోత్సహించి, బొంబాయి జె.జె. స్కూలుకు పోయే దారి చూపాడు. రామారావు నేర్చుకుని తిరిగివచ్చి సొంత ఊళ్ళో చిత్రకళాశాల పెట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. శిష్యుడు గురువు దగ్గరికి పోవడం అది.

మన బందరులో సంగతి వేరు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలకు గురువే రైలెక్కి వచ్చాడు. ప్రమోదకుమార చటర్జీ అనే వంగదేశపు చిత్రకారుడు అక్కడ చిత్రలేఖనం నేర్పాడు. అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులే. తరవాత ఆ కళాశాలకే ఆయన ప్రిన్సిపాలు అయ్యారు.

ఇక మూడో పద్ధతి ఉత్తరం. తెనాలి దగ్గర తుమ్మపూడిలో 1914లో పుట్టిన సంజీవదేవ్‌గారు ఏ పెద్ద కళాశాల పట్టా కోసమూ చూడలేదు. హిమాలయాల్లో కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికోలాస్ రోరిక్ కుటుంబం దగ్గర కొంతకాలం గడిపారు. మిగిలిన జీవితమంతా పొలాల మధ్య ఆ పల్లెటూళ్ళోనే కూచుని, కళాకారులతో, పండితులతో ఉత్తరాలు నడిపారు. 1999లో ఆయన పోయేనాటికి ఆ ఉత్తరాలే ఒక సాహిత్యం అయ్యాయి. కార్డుముక్క మీద కళ గురించి మాట్లాడుకోవచ్చునని మన డెల్టాకు చూపినవారు ఆయన.

అమెరికావాళ్ళు ఆ ఉత్తరాన్నే వ్యాపారంగా మలిచారు. చార్లెస్ షుల్జ్ అనే కుర్రవాడు 1940లో పోస్టు ద్వారా నడిచే బొమ్మల స్కూల్లో చేరాడు. కొన్నాళ్ళకు అదే స్కూల్లో ఇతరుల బొమ్మలు దిద్దే ఉద్యోగం చేశాడు. 1950లో మొదలయి ప్రపంచమంతా తిరిగిన "పీనట్స్" బొమ్మకథలు అతనివే. 1948లో ఆల్బర్ట్ డోర్న్ అనే ఆయన నార్మన్ రాక్‌వెల్ వంటి పేరుపడ్డ చిత్రకారులను కూడగట్టి మరో పోస్టల్ స్కూలు పెట్టాడు. విద్యార్థి బొమ్మ వేసి పోస్టులో పంపితే, పంతులు దానిమీద పల్చని కాగితం పరిచి, ఆ కాగితం మీద దిద్ది వెనక్కి పంపేవాడు. విద్యార్థి గీత కిందా, పంతులు గీత పైనా కనపడుతూ వుంటాయి. ఇప్పుడు నా గురువుగారు గాజుపలక మీద చేసే పని సరిగ్గా అదే. పోస్టుకు వారాలు పట్టేది, దీనికి క్షణం పడుతుంది. అంతే తేడా.

నా మొదటి క్లాసు న్యూయార్కు నుంచి. అక్కడ ఎండాకాలపు సాయంత్రం ఏడు గంటలంటే మనకు మర్నాడు తెల్లవారుజాము నాలుగున్నర. కాకులు కూడా లేవని ఆ వేళ నేను దీపం వేసుకుని కూచుంటే, మా ఆవిడ, "ఏమండీ, మార్గశిరంలో తిరుప్పావైకి లేవమంటే లేవరు గాని!" అని అటు తిరిగి పడుకున్నది.

ఆ తరగతిలో వున్నవాళ్ళు పది దేశాలవాళ్ళు. నా బొమ్మ వంతు వచ్చింది. గురువుగారు కాసేపు చూసి, "ఇది ఎంత దూరం నుంచి చూడవలసిన బొమ్మ?" అని అడిగాడు. ముప్ఫయ్యేళ్ళ నా వృత్తిని ఒక్క ప్రశ్నలో పట్టేశాడు. బ్యానరు మీద ముక్కుకూ చెంపకూ మధ్య గట్టి అంచు లేకపోతే అరవై అడుగుల దూరానికి ముఖం ముద్దగా కనపడుతుంది. అదే అంచును చేతిలో పట్టుకుని చూసే కాగితం మీద పెడితే ముఖం రేకు కత్తిరించినట్టు వుంటుంది. గట్టి అంచు ఎక్కడ వుండాలి, కరిగిపోయే అంచు ఎక్కడ వుండాలి అన్న ఒక్క విషయం మీద నెల రోజులు నడిచింది ఆ కోర్సు. చూసేవాడి కన్ను ఎక్కడ ఆగాలో అక్కడ గట్టి అంచు, ఎక్కడ ఆగకుండా జారిపోవాలో అక్కడ మెత్తని అంచు. రోడ్డు దాటి చూడమన్న మేస్త్రీగారికీ ఈయనకూ అభిప్రాయభేదం ఏమీ లేదు. ఇద్దరూ చూసేవాడి తరఫున మాట్లాడినవాళ్ళే.

రెండో కోర్సు దూరాదూరాలను కాగితం మీద చూపించే లెక్క. ఇటలీలో ఫ్లారెన్సు నగరంలో బ్రూనెల్లెస్కీ దీన్ని కనిపెట్టాడనీ, 1435లో అల్బెర్టీ పుస్తకంగా రాశాడనీ పాఠంలో చెప్పారు. వాళ్ళు ఉదాహరణకు చూపించిన చర్చీలూ వీధులూ నేనెన్నడూ చూసినవి కావు. అందుకని నేను పుస్తకం చంకన పెట్టుకుని ప్రకాశం బారేజీకి పోయాను. 1957లో పూర్తయిన ఆ కట్టడం పొడుగు 1,223 మీటర్లు, గేట్లు 70. అన్ని గేట్లూ ఒకే కొలత. అంతకంటే మంచి పాఠ్యపుస్తకం వుంటుందా? ఇవతలి గట్టున నిలబడి చూస్తే మొదటి గేటు ఇంటి ద్వారమంత, పదోది కిటికీ అంత, యాభయ్యోది అగ్గిపెట్టె అంత. పై గీతా, కింది గీతా పోయి పోయి సీతానగరం కొండ దగ్గర ఒక్క చుక్కలో కలుస్తాయి. నిలబడి చూస్తే ఆ చుక్క ఒక ఎత్తున వుంటుంది. గట్టుమీద కూచుంటే అదీ మనతో పాటు దిగి కూచుంటుంది. చిన్నప్పటినుంచీ ఆ బారేజీ మీద ఎన్ని వేల సార్లు సైకిలు తొక్కానో! ఆ చుక్కను చూపించింది మాత్రం అట్లాంటిక్ అవతలి మనిషి.

అయితే ఆ లెక్కే సర్వస్వమని నేను ఒప్పుకోను. మన అమరావతి శిల్పుల పని చూడండి. నాలగిరి అనే మదపుటేనుగును బుద్ధుడు లొంగదీసిన కథ చెక్కిన పలక మద్రాసు మ్యూజియంలో వుంది. ఒక్క గుండ్రటి పలకలో ఆ ఏనుగు రెండు సార్లు వుంటుంది. ఒకచోట వీధిలో జనాన్ని తొక్కుతూ, పక్కనే బుద్ధుని పాదాల దగ్గర మోకరిల్లుతూ. ముందూ వెనకా జరిగిన రెండు ఘడియలను ఒకే రాతిలో ఇమిడ్చాడు ఆ శిల్పి. బొమ్మలను కదిలించే విద్య చెప్పే తరగతిలో నేను ఆ పలక ఫొటో చూపిస్తే, బ్రెజిల్ నుంచి చేరిన ఒక అమ్మాయి అది ఎక్కడ వుందో రాసుకున్నది. దూరపు చదువులో గురువుకు శిష్యుడూ, శిష్యుడికి శిష్యుడూ కూడా పాఠం చెప్పవచ్చు.

నీటిరంగుల కోర్సు మాత్రం నన్ను బాగా ఏడిపించింది. ఆ రంగులు నేర్పినాయన ఇంగ్లండులో వుంటాడు. కాగితం తడిపి, రంగు పూసి, "పది నిమిషాలు ఆగి రెండో పూత వెయ్యండి" అంటాడు. మే నెలలో బెజవాడలో ఫ్యాను కింద ఆ పూత ఆయన వాక్యం పూర్తిచేసేలోపల అప్పడం అవుతుంది. అదే శ్రావణంలో ముసురు పడితే మధ్యాహ్నం దాకా ఆరదు. ఆకాశంలో మబ్బును నీటితో మెత్తగా కరిగించాలంటే, మన ఊళ్ళో ఎండాకాలం ఆరు గంటలలోపలే పని ముగించుకోవాలనీ, కాగితం వెనక కూడా తడిపి గాజుపలక మీద అంటించుకుంటే తడి నిలుస్తుందనీ నాకు నేను తేల్చుకున్నాను. పాఠం పరదేశంది, వాతావరణం మనది. ఈ రెంటికీ సంధి కుదిర్చే పని విద్యార్థి మీదే పడుతుంది.

ఆకుపచ్చ రంగు దగ్గర కూడా ఇదే వచ్చింది. ఆయన చెట్లకు వాడే పచ్చ చల్లని దేశపు పచ్చ. మన డెల్టాలో ఒకే పచ్చ వుందా? నారుమడిది లేత నిమ్మకాయ పచ్చ, ఊడ్చిన నెలకు ముదురు పచ్చ, పొట్టమీద వున్న చేను బూడిద కలిసిన పచ్చ, అరటితోటది వేరు, కాలవగట్టు తుమ్మది వేరు. నీలం, పసుపు కలిపితే పచ్చ అని చిన్నప్పుడు చదువుకున్నాం. నీలంలో రకాలున్నాయని కోర్సులో తెలిసింది. అల్ట్రామెరీన్ అనే నీలంలో కాస్త ఎరుపు జీర వుంటుంది. అందుకని అది పసుపుతో కలిస్తే మగ్గిన పచ్చ వస్తుంది. థాలో అనే నీలంలో ఆ ఎరుపు లేదు. నిమ్మపసుపులో దాన్ని సూదిమొనంత కలిపితే నారుమడి వచ్చి కాగితం మీద కూచుంటుంది. ఈ కారణం తెలిశాక డబ్బాలో వున్న పచ్చరంగు ట్యూబు ముట్టుకోవలసిన అవసరమే లేకపోయింది.

అన్నిటికన్నా భయపెట్టింది కంప్యూటరు మీద బొమ్మ వెయ్యడం. మా అమ్మాయి ఒక పలకా, కలమూ కొని తెచ్చింది. కలాన్ని నొక్కినకొద్దీ గీత లావవుతుంది. క్రిటా అనే సాఫ్టువేరు ఉచితంగానే దొరుకుతుంది. అందులో లేయర్లని వుంటాయి. ఒక పొరమీద గీతలు, ఇంకో పొరమీద రంగు, మరో పొరమీద నీడ. ఒకదాన్ని ముట్టుకోకుండా ఇంకోదాన్ని మార్చవచ్చు. వారం రోజులు ఆ పొరల సంగతి నా బుర్రకు ఎక్కలేదు. ఎనిమిదో రోజున పెడన గుర్తుకు వచ్చింది.

పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో నానబెట్టి చేసిన నల్లరంగుతో ముందు రేఖల అచ్చు పడుతుంది. పటిక నీళ్ళ అచ్చు పడినచోట తరవాత ఎరుపు పట్టుకుంటుంది. ఒక్క పువ్వుకు రేఖకొక అచ్చు, రేకులకొక అచ్చు, ఆకులకొక అచ్చు, అన్నీ టేకుచెక్క మీద విడివిడిగా చెక్కినవే. పువ్వును ముందు మనసులో పొరలుగా విడదీసుకుంటే తప్ప ఆ అచ్చులు చెక్కడానికి వీలులేదు. లేయర్లంటే ఇవే కదా! కంప్యూటరులో పొరపడితే ఒక మీట నొక్కి వెనక్కి పోవచ్చు. పెడనలో గుడ్డమీద అచ్చు పడిందంటే పడిందే.

ఈ మాట పట్టుకునే నా దగ్గరికి ఒక కుర్రవాడు వచ్చాడు. పెడన దగ్గరి ఊరు. తండ్రి అద్దకం బల్ల దగ్గర పనిచేస్తాడు. కొడుకు ఆ బల్ల దగ్గరకు రాకూడదని ఆయన పట్టుదల. రోజంతా నిలబడి అచ్చు కొట్టే చేతికి వచ్చే కూలి ఆయనకు తెలుసు. కుర్రవాడికేమో బొమ్మలు తప్ప వేరే ధ్యాస లేదు. "కంప్యూటరు డిజైను నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందటండీ" అని, ఏదో కోర్సువాళ్ళు అడిగిన ఫీజు చెప్పాడు. ఆ ఇంటికి అది రెండు నెలల తిండి. ఆ కోర్సు కాగితాలు నేను చదివాను. నలభై గంటల వీడియోలు, చివర సర్టిఫికెట్టు. విద్యార్థి వేసిన బొమ్మను ఒక్కసారి అయినా ఎవరయినా చూస్తారన్న మాట అందులో ఎక్కడా లేదు.

నేను ఆ డబ్బు కట్టనివ్వలేదు. ఆదివారం ఆదివారం బస్సెక్కి రమ్మన్నాను. ఉచితంగా దొరికే పాఠాలు ఇద్దరం కలిసి చూశాం. ఒక నమూనా నాలుగువైపులా అతుకు కనపడకుండా ఎల్లా కలవాలో కంప్యూటరులో ఒక పద్ధతి వుంది. కుర్రవాడు దాన్ని రెండు వారాల్లో పట్టేశాడు. తండ్రి పక్కన చిన్నప్పటినుంచీ అచ్చు పక్కన అచ్చు పడటం చూసినవాడికి అదేమి కష్టం? తను వేసిన నమూనాను కాగితం మీద దింపి అచ్చులు చెక్కే ఆయనకు ఇచ్చాడు. ఆయన చూసి, "ఈ తీగ ఇంత సన్నంగా వుంటే చెక్కలో నిలవదు, విరుగుతుంది" అని గోరుతో చూపించాడట. ఆ మాట ఏ వీడియోలోనూ దొరకదు. కుర్రవాడు తీగను లావుచేసి మళ్ళీ వేశాడు. ఆ అచ్చుతో అద్దిన మొదటి దుప్పటి పని వాళ్ళ నాన్నే చేశాడు. ఉద్యోగం ఇంకా రాలేదు. కాని బల్ల దగ్గర తండ్రీకొడుకుల మధ్య మాటలు మొదలయినాయి. నమూనా ఇచ్చినందుకు అద్దకం యజమాని విడిగా కొంత డబ్బు ఇస్తున్నాడు. తండ్రి ఇప్పుడు, "చదువు మానకుండా వుంటే సరే" అంటున్నాడు.

నాకు ఒరిగిందేమిటని అడుగుతారు. చిన్నపిల్లల కథల పుస్తకానికి పన్నెండు బొమ్మలు వేసే పని ఒకటి వచ్చింది. తరవాత ఇంకొకటి. బ్యానర్ల రోజుల్లో వచ్చినంత రాబడి లేదు. కాని నిచ్చెన ఎక్కనక్కరలేదు, మోకాళ్ళు నొప్పులున్న మనిషికి అదీ లాభమే.

ఈలోగా కొత్త భయం ఒకటి వచ్చింది. 2022 నుంచీ, మాటలు టైపు చేస్తే బొమ్మ వేసి పెట్టే యంత్రాలు అందరి చేతుల్లోకీ వచ్చాయి. "ఇంక నేర్చుకోవడం దండగ కదండీ" అంటారు. ఫ్లెక్సు దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి నేను ధైర్యవచనాలు పలకను. చవకగా చెయ్యగలిగిన పనిలో కొంత యంత్రానికి పోతుంది. ఫ్లెక్సు మా పనితనాన్ని ఓడించలేదు, మా ధరను ఓడించింది. కాని ఒకటి చూశాను. ఆ యంత్రం వేసిన ఒక దుర్గమ్మ బొమ్మ మా వీధిలో కట్టారు. పదిమంది దణ్ణం పెట్టుకుని పోయారు. అమ్మవారి ఎడమచేతికి ఆరు వేళ్ళున్నాయని మా దగ్గర డ్రాయింగు నేర్చుకునే తొమ్మిదేళ్ళ పిల్ల కనిపెట్టింది. బొమ్మ వెయ్యడం నేర్చుకున్న కన్ను చూస్తుంది. చూడటం రాని మనిషికి యంత్రం ఏమి వేసి ఇచ్చినా ఒకటే.

కనక తల్లిదండ్రులకు నేను చెప్పదలచినవి ఇవి. పిల్లల్ని చేర్చే ముందు, వాళ్ళ బొమ్మను ఎవరయినా చూసి దిద్దుతారా అని అడగండి. దిద్దేవాళ్ళు లేని కోర్సుకు డబ్బు పొయ్యకండి. ఉత్త పాఠాలయితే ఉచితంగానే కావలసినన్ని వున్నాయి. ఒకటి పూర్తికాకుండా రెండోది మొదలుపెట్టనివ్వకండి. వీడియో చూడటం ఈత పుస్తకం చదవడం వంటిది, గంట పాఠానికి కనీసం మూడు గంటలు చెయ్యి ఆడాలి. మొదటి ఏడాది పెన్సిలూ కాగితమూ చాలు, ఖరీదయిన పలకలు తరవాత కొనవచ్చు. పాఠాలు ఎక్కువ ఇంగ్లీషులో వుంటాయి గనక పక్కన ఎవరయినా కూచుని తెలుగులో చెప్పాలి. "వాల్యూ" అంటే నిఘంటువు విలువ అంటుంది, బొమ్మలో దాని అర్థం వెలుగునీడల మోతాదు. ఇది ఇంట్లో ఒకరు విప్పి చెప్పకపోతే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు.

మరొకటి. పాఠం విన్నరోజు సాయంత్రం పిల్లల్ని బయటికి తీసుకుపోండి. గాజుపలకలో గురువుగారు చెప్పింది మన ఊళ్ళో ఎక్కడ వుందో వెతకమనండి. బారేజీ గేట్లలో వుంది, ఉండవల్లి గుహ నాలుగు అంతస్తుల నీడల్లో వుంది, పెడన అచ్చుల్లో వుంది. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేతులూ కాళ్ళూ విడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికే ఆయన బల్లమీద వుంది. వాళ్ళు ఎవరూ ఫీజు అడగరు. పని చెయ్యనిచ్చి, పక్కన నిలబడి చూడనిస్తారు. వచ్చే ఆదివారం ఎండ పడకముందే బయలుదేరండి. పెన్సిలు చెక్కుకునే బ్లేడు మరిచిపోకండి.